ఇంట్లో లేని తెల్ల షామియానా

ఇప్పపూలు రాలే రోజుల్లో ములకలపల్లికి పొద్దు ఆలస్యంగా వస్తుంది. సూర్యుడు రాక కాదు, వచ్చినా కనిపించక. పూలు ఏరుకోవడానికి వీలుగా అడవిలో చెట్ల కింద ఎండుటాకులు తగలబెడతారు. ఆ పొగ రాత్రంతా ఊరిమీదికి పాకి, తెల్లారేసరికి ఇళ్ళ మధ్య ఎక్కడిదక్కడ నిలబడి ఉంటుంది. అందులోనే ఇప్పపూల తీపి వాసన. ఆ వాసన పీలుస్తూ జనం సగం నిద్రలోనే పళ్ళు తోముకుంటారు, సగం నిద్రలోనే పాలు పితుకుతారు. మహబూబీకి చిన్నప్పటినుంచీ ఆ రోజులంటే ఇష్టం. ఈ యేడు మాత్రం ఆమెకు ఏ వాసనా పట్టడం లేదు.

వాకిట్లో నులకమంచం మీద ఆమె మొగుడు మీరాసాహెబ్ కూర్చుని, జావ గిన్నెను రెండు చేతులా పట్టుకుని, తాగకుండా దాని ఆవిరి చూస్తున్నాడు.

"ఉప్పేసినవా?"

"ఏసిన."

"మరి నాలికకు తెలుస్తలేదేంది?"

"నీ నాలిక ఇంక నిద్ర లేవలే. తాగు, లేస్తది," అంది మహబూబీ.

ఆయన నాలుకకు ఉప్పు తెలియక చాలా రోజులైంది. కడుపులో గడ్డ. ఖమ్మంలో డాక్టరు కొడుకు ముస్తకీమ్‌ను ఒక్కణ్ణే లోపలికి పిలిచి, అది కాలేయానికి కూడా పాకిందని చెప్పాడు. ముస్తకీమ్ తల్లికి చెప్పాడు. తల్లి కోడలు జెబాకు చెప్పింది. ముగ్గురూ కూడబలుక్కుని మీరాసాహెబ్‌కు "గ్యాస్" అని చెప్పారు. ఆయన "గ్యాసేనా? సరే," అన్నాడు. అప్పటినుంచి ఆ ఇంట్లో నలుగురూ ఆ గ్యాస్‌ను ఇంటికొచ్చిన చుట్టంలా గౌరవంగా చూసుకుంటున్నారు.

అసలు ఆ ఇంట్లో చావు అనే మాట పలకకూడదు. అది జబ్బు వచ్చాక పెట్టుకున్న నియమం కాదు, వాళ్ళ వ్యాపారంతో పుట్టిన నియమం. వాళ్ళది టెంట్ హౌస్. నూర్‌బాషాలు, దూదేకుల ముస్లింలు, ఇంట్లో మాట్లాడేది తెలుగే. చుట్టుపక్కల గూడేల్లో పెళ్ళయినా, చెవులు కుట్టినా, శ్రీరామనవమికి భద్రాచలం నడిచిపోయే యాత్రికులకు దారిలో పందిరి వేయాలన్నా షామియానా మీరాసాహెబ్ ఇంటినుంచే పోవాలి. పెళ్ళివాళ్ళు వస్తే గేటు తోసుకుని వచ్చి, మంచం మీద కూర్చుని, చాయ్ తాగి, బేరమాడి పోతారు. చావింటివాళ్ళు అలా రారు. గేటు బయటే నిలబడతారు. మీరాసాహెబ్ వాళ్ళ మొహం చూస్తాడు. ఎవరు పోయారని అడగడు, ఎట్లా పోయారని అడగడు. "ఎంతమంది కూసుంటరు?" అని ఒక్కటే అడుగుతాడు. అంతే, తెల్ల షామియానా వెనక దారిన బండెక్కుతుంది.

ఆ తెల్ల షామియానాకు మహబూబీ ఇంట్లో చోటివ్వలేదు. కంచె అవతల దానికొక రేకుల షెడ్డు. ఉతికితే వాగు ఒడ్డునే ఉతకాలి, అక్కడే ఆరాలి. ఇన్నేళ్ళ కాపురంలో దాన్ని ఒక్కసారి కూడా ఆమె వాకిట్లో విప్పలేదు, ఆమె దాన్ని వేలితో కూడా ముట్టలేదు. ఊరందరికీ నీడనిచ్చిన బట్టను చూసి అంత భయమేమిటని మీరాసాహెబ్ ఆటపట్టించేవాడు. "నీకెందుకు, నీ పని నువ్వు చూసుకో," అనేది.

జెబా అరుగు మీద కూర్చుని నవమికి పోవాల్సిన రంగుల షామియానా అంచులు కుడుతోంది. ముస్తకీమ్ సెల్‌ఫోన్ చెవికి ఆనించుకుని, సిగ్నల్ కోసం వాకిలంతా తిరిగి, చివరికి నీళ్ళ తొట్టి గట్టెక్కి మాట్లాడి దిగాడు.

"నాయినా, రేపు పొద్దుగాల సుమో వస్తది. హైద్రాబాద్ పోతున్నం."

"గ్యాస్‌కు హైద్రాబాద్ ఏందిరా?"

"ఆడ పెద్ద గ్యాస్ డాక్టర్ ఉన్నడు."

జెబా సూది ఆపి తల వంచుకుంది. ఆ పెద్ద డాక్టరు ఫోనులో ఏమన్నాడో ఆమెకు తెలుసు. కోసి చూద్దాం, ఆ తర్వాత కొన్నాళ్ళు మిషన్ మీద పెట్టాల్సి రావచ్చు, అన్నాడట. ఖమ్మం డాక్టరు మాత్రం, ఇక ఇంటికి తీసుకుపొండి, నొప్పి తెలియకుండా మందు నేనిస్తాను, ఆయనకు ఇష్టమైనవి చేసి పెట్టండి, అన్నాడు. ఆ మాట అన్నందుకు ముస్తకీమ్ ఆయన్ని ఇప్పటికీ తిడుతూనే ఉన్నాడు.

"సరేగాని ముస్తకీమ్, ఇట్ల రా. నీతోని ఒక మాట మాట్లాడాలె. నేను రేపు…"

"పొద్దుపొద్దున్నే ఏం మాటలయ్యా!" అని మహబూబీ ఖాళీ గిన్నె ఆయన చేతిలోంచి లాక్కుంది. ఆయన ఈ మధ్య ఎప్పుడు ఆ గొంతుతో మొదలుపెట్టినా ఆమె చేతిలో ఏదో ఒక గిన్నె చప్పుడు చేస్తుంది. మీరాసాహెబ్ ఆమె వైపు చూసి, దుప్పటి భుజాలమీదికి లాక్కున్నాడు.

అప్పుడే గేటు బయట పొగలో ఒక మనిషి నిలబడ్డాడు. తలకు చుట్టుకునే తువ్వాలు చేతిలో పట్టుకుని ఉన్నాడు. అడవి లోపల జీలుగుగుంపు అనే గూడెంలో ఉండే సీతయ్య. ఏటా ఇప్పపూలు తెచ్చిచ్చే మనిషి, ఎప్పుడూ నేరుగా వాకిట్లోకి వచ్చి కూర్చునేవాడు. ఇవాళ గేటు దాటలేదు.

మీరాసాహెబ్ మంచం పట్టె పట్టుకుని లేచి నిలబడ్డాడు.

"ఎంతమంది కూసుంటరు సీతయ్యా?"

"రెండు గుంపులోళ్ళు వస్తరు మీరన్నా. నీడ లేదు, చెట్లన్నీ ఆకు రాల్చినయి."

"అట్లనే. ముస్తకీమ్, తెల్లది కట్టు బండికి."

ముస్తకీమ్ కంచె దాటి షెడ్డులోకి వెళ్ళాడు. గుంజలు జరిపిన చప్పుడైంది, రేకు డబ్బాలు జరిపిన చప్పుడైంది. ఖాళీ చేతులతో తిరిగి వచ్చాడు.

"లేదు నాయినా."

"లేదంటే?"

"గుంజలున్నయి, తాళ్ళున్నయి. బట్ట లేదు."

మీరాసాహెబ్ కొడుకును చూశాడు, కోడల్ని చూశాడు, చివరికి పెళ్ళాన్ని చూశాడు. ఆమె చేతిలో గిన్నెను పైట చెంగుతో తుడుస్తోంది. అది ఎప్పుడో తుడిచిన గిన్నె.

"నేనే ఇచ్చేసిన," అంది నేల చూస్తూ. "అశ్వారావుపేటల మా తమ్ముడే వచ్చి తన కొట్టుకు తీస్కపోయిండు. నువ్వు ఖమ్మం దవాఖానాల ఉన్నప్పుడు."

"ఎందుకిచ్చినవ్?"

"చినిగింది గద."

"చినగలే. దసరాకే కొత్త బట్ట తెచ్చి కుట్టించిన. ఎందుకిచ్చినవ్ మహబూబీ? నలభై ఏండ్లల ఈ గేటుకాడికెళ్ళి ఒక్కరు ఉత్త చేతులతోని పోలే. దుఃఖంల వచ్చినోన్ని లేదని పంపమంటవా? ఏం చెప్పాలె సీతయ్యకు?"

"ఏమన్న చెప్పు! లేదని చెప్పు!"

"ఎందుకిచ్చినవని అడుగుతున్న."

"అది ఈడుంటే నా వాకిట్ల లేస్తదని!" మహబూబీ గొంతు చీలిపోయింది. "రోజూ కలల్ల అదే. నేను జావ కాస్తుంటనట, ముస్తకీమ్ గుంజలు పాతుతుంటడట, తెల్లగ, వాకిలంత తెల్లగ… నువ్వు మంచం మీద ఉంటవట. నేను పిలుస్తుంటే పలకవట. అందుకే ఇచ్చేసిన! బట్ట లేకపోతే ఎట్ల కడ్తరో చూస్త అనుకున్న!"

చేతిలోని గిన్నె జారి దొర్లిపోయింది. ఈసారి అది ఎవరి మాటనూ ఆపలేదు. ముస్తకీమ్ "అమ్మా!" అని అరిచాడు. జెబా కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. బయటి మనిషి ముందర, ఇంట్లో నలుగురూ ఇన్నాళ్ళు దాచిపెట్టిన మాట పొగలో వేలాడుతోంది.

మీరాసాహెబ్ మెల్లగా మళ్ళీ మంచం మీద కూర్చున్నాడు.

"గ్యాస్‌కు తెల్ల షామియానా ఎవరేస్తరే, పిచ్చిదానా," అన్నాడు.

ఎవరూ నవ్వలేదు. ఆయనే కొంచెం నవ్వి, నొప్పికి ఆగాడు.

"నాకు తెలుసు. నలభై ఏండ్ల నుంచి ఆ గేటుకాడ మొఖాలు చూస్తున్న. ఆ దినం డాక్టర్ రూములకెళ్ళి నా కొడుకు బయటికొచ్చిండు. వాని మొఖం చూసిన. ఎంతమంది కూసుంటరు బిడ్డా అని అడగబోయి ఆగిన."

ముస్తకీమ్ మొహం అటు తిప్పుకున్నాడు. మళ్ళీ ఇటు తిరిగేసరికి ఏడుపుకు బదులు కోపం వచ్చింది. మగపిల్లలకు ఆ రెండూ ఒకే దారిన వస్తాయి.

"తెలిస్తే ఇంక మంచిదే. రేపు సుమో ఎక్కు. ఆపరేషన్ చేస్తమంటున్నరు."

"నేను రాను."

"రాకుంటే? చేతులు ముడుచుకొని కూసోమంటవా నన్ను? తండ్రిని ఇంట్లనే పండవెట్టి చూసుకుంట ఉన్నడంటరు. బోనకల్ చిన్నాయనలు నా మొఖాన ఉమ్మేస్తరు!"

"ఉమ్మితే కడుక్కో. నేను మాత్రం అద్దాల గదిల గొంతుల గొట్టంతోని పోను."

"పోను పోను అనకు! ఆ మాట అనకు నాయినా!"

"నేను అనకుంటే అది ఆగుతదారా?"

తండ్రీకొడుకులు ఒకరినొకరు చూసుకుంటూ రొప్పుతున్నారు. గేటు దగ్గర సీతయ్య కాళ్ళు మార్చి నిలబడ్డాడు. మీరాసాహెబ్‌కు అప్పుడు గుర్తొచ్చాడు అతను.

"మన్నించు సీతయ్యా. నీ దుఃఖం నిలబెట్టి మా దుఃఖం మాట్లాడుకుంటున్నం. ముస్తకీమ్, రంగులది తియ్యి."

"చావుకు పెండ్లి షామియానానా!" అంది మహబూబీ.

"ఎండకు రంగేందమ్మా," అన్నాడు సీతయ్య నెమ్మదిగా. "మా అమ్మకు ఎర్ర రంగంటే పానం కూడ."

కుట్టు పూర్తి కాని అంచుతోనే షామియానా ట్రాలీ ఆటో ఎక్కింది. దాని వెనకే మీరాసాహెబ్ ఎక్కాడు. కొడుకు వద్దన్నాడు, కోడలు బతిమాలింది. తను రాకుండా షామియానా కదలదని ఆయన గుంజల మీద కూర్చున్నాడు. మహబూబీ మాత్రం జెబా అందించిన జావ సీసా తీసుకుని తనూ ఎక్కి ఆయన వీపుకు భుజం ఆనించింది. చావింటికి ఆమె షామియానాతో పాటు వెళ్ళడం అదే మొదటిసారి.

అడవి దారి పొడుగునా పొగే. మోదుగుపూలు అక్కడొకటి ఇక్కడొకటి ఎర్రగా కనిపించి మాయమయ్యాయి. చెట్ల కింద పూలు ఏరే ఆడవాళ్ళు నడుము ఎత్తి చూసి, బండిలో రంగుల బట్టను చూసి పెళ్ళనుకుని నవ్వారు. కుదుపు కుదుపుకూ మీరాసాహెబ్ ఆమె మీదికి ఒరుగుతున్నాడు. ఎంత తేలికైపోయాడో ఆమెకు అప్పుడే తెలిసింది. ఇది కూడా కలేనేమోనని, ఆయన చేతిని గట్టిగా పట్టుకుంది.

జీలుగుగుంపులో ముస్తకీమ్ గుంజలు పాతి తాళ్ళు లాగాడు. బట్ట గాలికి ఒకసారి ఉబ్బి, నిలబడింది. అంతవరకూ మామూలుగా ఉన్న వాకిలి ఎర్రగా, పచ్చగా, పసుపుగా మారిపోయింది. మంచం మీద పడుకోబెట్టిన సీతయ్య తల్లి జంపక్క మొహం మీద ఎర్రటి వెలుగు పడింది. కొత్త చీరలు తెచ్చి కప్పుతున్నారు చుట్టాలు. ఎక్కడో డోలు ఆగి ఆగి మోగుతోంది. పిల్లలు రంగులు పట్టుకోవాలని నేలమీద అరచేతులు పెడుతున్నారు. ఒక ముసలామె మంచం పక్కన కూర్చుని, చనిపోయిన మనిషితో మామూలుగా మాట్లాడుతోంది. "మేకల సంగతి చెప్పి మంచిపని చేసినవ్ జంపక్కా. లేకుంటే నీ బిడ్డలిద్దరు ఈపాటికి కొమ్ములు పట్టుకొని గుంజుకునేటోళ్ళు." పక్కవాళ్ళు నవ్వారు. నవ్వుతూనే ఏడ్చారు.

ఇన్నేళ్ళూ చావింటి బట్ట కింద ఏం జరుగుతుందోనని మహబూబీ భయపడింది. జరిగేది ఇదే. ఒక పిల్ల తల్లి ఒళ్ళో నిద్రపోయింది. ఒక మేక లోపలికొచ్చి, అదిలిస్తే వెళ్ళిపోయింది.

సీతయ్య వాళ్ళకు చాప వేసి తనూ పక్కన కూర్చున్నాడు.

"ఏడాది నుంచి చెప్తనే ఉండె మా అమ్మ," అన్నాడు. "ఏ చెట్టు కింద పెట్టాలె, డోలు ఎవరు కొట్టాలె, కడియాలు ఎవరికి. తిన్నా అదే ముచ్చట, పన్నా అదే ముచ్చట. మాకు ఇసుగొచ్చి నవ్వేటోళ్ళం. ఇయ్యాల చూస్తే మీరన్నా, కొట్లాడుకోనీకి ఏం మిగల్లే. ఏడ్సుడొక్కటే మిగిలింది."

అని, నిజంగానే ఏడ్చాడు. హాయిగా, దాచుకోకుండా ఏడ్చాడు. తర్వాత ఎవరో పిలిస్తే కళ్ళు తుడుచుకుని వెళ్ళాడు.

మీరాసాహెబ్ చాప మీద వెల్లకిలా పడుకున్నాడు. పైన బట్ట మెల్లగా ఊపిరి తీస్తున్నట్టు లేచి పడుతోంది. దానితోపాటు ఆయన మొహం మీద రంగులు మారుతున్నాయి. బుగ్గలు గుంటలు పడ్డాయి, అయినా ఆ వెలుగులో ఆయన బోనకల్లో నిఖా నాటి కుర్రాడిలాగే ఉన్నాడు. ఈ మనిషి చాలాసార్లు తనకు ఏదో చెప్పబోయాడు. ప్రతిసారీ తను గిన్నెలు మోగించింది. ఆయన ఒంటరిగా ఎంత భయపడి ఉంటాడు! ఇంతకాలం ఆయన్ని కాపాడుతున్నాననుకుంది. కాపాడుకున్నది తనను తానే.

"ఏమయ్యా," అంది. "నిద్ర పోయినవా?"

"లేదు."

"చెప్పు. నీకేం కావాలె?"

ఆయన కళ్ళు తెరవలేదు. తెరిస్తే ఆ ప్రశ్న ఎగిరిపోతుందేమోనన్నట్టు మూసుకునే ఉన్నాడు.

"మన ఇంట్లనే. వాకిట్ల మంచం మీద, పొద్దున నువ్వు జావ కాసుకుంట కనవడాలె. నొప్పికి ఖమ్మం డాక్టర్ మందు ఇస్తనన్నడట, మీ గుసగుసలల్ల విన్న, అది ఇప్పియ్యుండ్రి. గొట్టాలొద్దు. నాకు తెలివి తప్పితే కంగారుపడి బండెక్కియ్యకుండ్రి."

"ఊఁ."

"బోనకల్ తమ్ముళ్ళు వచ్చి మా నాయిన పక్కన పెట్టుకుంటమంటరు. వద్దను. మన ఊరి ఖబరస్తాన్లనే. టేకాకులు పడ్తుంటయి, సప్పుడుంటది."

"ఊఁ. ఇంక?"

"నా ఆఖరి స్నానం, గుసుల్, ముస్తకీమ్ చేయించాలె. నీళ్ళు గోరువెచ్చగ పెట్టమను. నాకు చన్నీళ్ళు పడవు గద."

మహబూబీకి ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. "అప్పుడు నీకెట్ల తెలుస్తదయ్యా, చన్నీళ్ళో వేన్నీళ్ళో!"

"నాకు తెల్వదు. పోసేటోనికి తెలుస్తది."

వాళ్ళ వెనక గుంజ దగ్గర తాడు బిగిస్తున్న ముస్తకీమ్ చేతులు ఆగిపోయాయి. ఎప్పటినుంచి వింటున్నాడో. తాడు వదిలేసి వచ్చి తండ్రి కాళ్ళ దగ్గర కూలబడ్డాడు.

"ఏం చెయ్యకుండ నేనెట్ల ఉండాలె నాయినా?"

"చెయ్యకుండ ఎందుకుంటవ్? ఖమ్మం పోయి మందు తే. రోజూ మంచం నీడకు జరుపు. బోనకలోళ్ళొస్తే నా మాట గట్టిగ చెప్పు. ఆపరేషన్ కంటె ఇదే కష్టమైన పనిరా. ఇంకెవరితోని అయితది?"

ముస్తకీమ్ తండ్రి పాదాలను ఒళ్ళోకి తీసుకున్నాడు. అవి ఆ ఎండలో కూడా చల్లగా ఉన్నాయి. అరచేతులతో రుద్దుతూ కూర్చున్నాడు.

"నేనే పోస్త," అన్నాడు చివరికి. "గోరువెచ్చగనే పోస్త. ఈడ సిగ్నల్ లేదు. ఊళ్ళెకు పోంగనే సుమో వద్దని చెప్త."

జంపక్క మంచం ఎత్తారు. అందరూ లేచారు. ముస్తకీమ్ కూడా లేచి, ఒక పట్టె కింద భుజం పెట్టడానికి వెళ్ళాడు. డోలు చప్పుడు చెట్లలోకి నడిచిపోయి, దూరమై, పొగలో కలిసిపోయింది. రంగుల బట్ట కింద చాప మీద వాళ్ళిద్దరే మిగిలారు.

మీరాసాహెబ్ అప్పుడు కళ్ళు తెరిచాడు.

"మరి నీకు?"

"నాకేంది?"

"నీకేం కావాలె? నేను చెప్పిన గద. నువ్వు కూడ చెప్పు."

తాళాలెక్కడ, బియ్యమున్నాయా, కూరలో ఉప్పేశావా, ఇవి తప్ప ఆమెను ఈ లోకంలో ఎవరూ ఏమీ అడగలేదు. ఆయన ఎదురు చూస్తున్నాడు. తొందరేమీ లేనట్టే చూస్తున్నాడు. ఆమె కొంగుతో మొహం తుడుచుకుని, నిజంగానే ఆలోచించింది. ఆలోచిస్తే అంత భయమేమీ వేయలేదు.

"నన్ను నీ పక్కనే పెట్టమని చెప్పు వానికి," అంది. "కాని వాగు దిక్కు వద్దు. ఆ దిక్కు చలిగాలి. నువ్వు వాగు దిక్కు పండుకో, నేను ఇవతల పండుకుంట."

"సరే. ఇంక?"

ఇంకేమీ లేదనబోయింది. ఆయన ఛాతీ మీద తల ఆనించి, ఇన్నాళ్ళూ గిన్నెల చప్పుడు కింద దాచుకున్న ఏడుపంతా ఏడ్చింది. ఆయన ఆమె తల మీద చెయ్యి వేసి నిమురుతూ ఉన్నాడు.

"ఇంకొకటి," అంది వెక్కుతూ. "జాగ ఖాళీగ ఉందని నన్ను జల్దీ పిలువకు. మనుమలు పుట్టాలె, వాళ్ళ పెండ్లిళ్ళు చూసొస్త."

"పిలువ," అన్నాడు మీరాసాహెబ్. "నువ్వు నిదానంగ రా."